స్థలచిత్రములు – వాని పరిష్కరణము

అమరావతీ మహాచైత్యమును గూర్చి నేడు వ్రాయబూనువారికి చైత్యము లేదు, చిత్రములు గలవు. కృష్ణాతీరమున దీపాలదిన్నె యని జనులు పిలుచుచుండిన దిబ్బ యిప్పుడు పునాదివలయముగా మాత్రమే మిగిలినది. దాని శిలలు కొన్ని లండనునందలి బ్రిటిషు మ్యూజియమునను, కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమునను, కొన్ని అమరావతిలోని ప్రదర్శనశాలయందును జెదరియున్నవి. ఏ శిల యేచోట నిలిచియుండెనో యెఱుగవలెనన్నచో రెండువందల యేండ్లుగా వేర్వేఱు చేతులు వేర్వేఱు సాధనములతో సిద్ధపఱచిన చిత్రములే శరణ్యము. కావున నా చిత్రముల గుణదోషములను విమర్శించుట చైత్యచరిత్రమును విమర్శించుటయే యగును. ఊరూర నున్న దేవాలయములకును, కోటలకును, శాసనస్తంభములకును ఛాయాచిత్రములు దీసి ప్రాంతీయభాండాగారములందు భద్రపఱుపవలెనను కోరిక యిప్పుడు పలుచోట్ల గానవచ్చుచున్నది గనుక ఈ విమర్శము గడచినకథ మాత్రము గాదు.

పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతీపట్టణమును గట్టించినప్పుడు ఇటుకలకొఱకును ఱాళ్లకొఱకును ఆ దిబ్బ త్రవ్వబడెను. కాలిన్ మెకంజీ 1798లో నచటికి మొదటిసారి వచ్చెను. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు వెలసియున్నది. ఛాయాచిత్రవిద్య 1839లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. అందుచే మెకంజీ పరివారము శిలలను చేతితోనే చిత్రించినది. ఆ పటములలో బెక్కింటిపై తేది గలదు; కొన్నిటిపై చిత్రకారుని పేరు గలదు; వీనికి దోడు దిబ్బయంతటికి నొక స్థలపటము గలదు.

ఈ పటములకు హస్తదోషము లేదని యెవ్వరును జెప్పజాలరు. చిత్రకారునకు శిలమీది జాతకకథ తెలియదు. తెలియనిదానిని వ్రాయునప్పుడు కన్ను సందేహించినచోట చేయి నిశ్చయించును. అరిగిన ముఖమునకు ముక్కును, విరిగిన చేతికి వ్రేళ్లును సమకూడుట సులభము. కాని ఆ కాలమున చూచి తరువాత నశించిన శిలలు గలవు. అట్టివానికి మెకంజీ పటమే యేకైకప్రతి. ఏకైకప్రతిని దోషములు గలదని త్రోసివేయు పరిష్కర్త లేడు గదా!

ఇక ఛాయాచిత్రములు. గుంటూరుసీమ నధికారిగా నుండిన వాల్టర్ ఎలియట్ 1845లో దిబ్బను ద్రవ్వించి శిలలను చెన్నపట్టణమునకు బంపెను. అచట నవి కొన్నియేండ్లు ఎండకును వానకును బయలనే పడియుండెను. 1856లో చెన్నపురి ప్రభుత్వమువారు కాప్టెన్ లిన్నియస్ ట్రైప్ అను సైనికుని తమ ఛాయాచిత్రకారునిగా నియమించిరి. అతడు 1858లో ఆ శిలలకు చిత్రములు తీసెను. 'ఎలియట్ మార్బుల్సు' అను పేర నవి సంపుటముగా వెలువడినవి. ట్రైప్ చిత్రములయందు కల్పన లేదు. పగులు పగులుగాను, అరుగు అరుగుగాను నున్నవి. పద్మపు రేకులలో నెన్ని విరిగినవో లెక్కింపవచ్చును. మెకంజీ చిత్రకారుని చేయి తొట్రుపడినచోట ట్రైప్ కాచము తొట్రుపడలేదు.

ఐనను చైత్యము తిరిగి యూహింపగోరువాడు ట్రైప్ సంపుటమును దెఱచి, ఈ శిల తూర్పుదా పడమరదా, ప్రాకారముదా, అండమును గప్పినదా యని యడిగినచో చిత్రము పలుకదు. ఇది ట్రైప్ దోషము గాదు. శిలలు నేలనుండి లేచి అప్పటికే పదుమూడేండ్లు గడచినవి. కెమెరా యెదుట నిలిచినది చైత్యము గాదు, చైత్యమునుండి త్రుంపబడిన ముక్కలు. త్రుంపిననాడు వ్రాయవలసిన మాట తరువాత నెంత నేర్పుతో దీసిన చిత్రమునను దొరకదు.

ఆ మాట లేమి యెంతటి పండితుని దారి తప్పించెనో జేమ్సు ఫెర్గుసన్ గ్రంథము సాక్షి. లండను చేరిన శిలలకు ఛాయాచిత్రములు దీయించి, వానిని మెకంజీ పటములతో సరిపోల్చి, 1868లో నతడు వృక్షసర్పపూజను గూర్చిన మహాగ్రంథమును బ్రకటించెను. స్థలపటమున చైత్యము చుట్టును వలయము లగుపడినవి. ఛాయాచిత్రములలో స్తూపాకృతులు చెక్కిన సన్నని ఫలకములు గలవు. ఈ రెండిటిని గలిపి, ఆ ఫలకములు వెలుపలి ప్రాకారమునకు లోపల నున్న రెండవ ప్రాకారమునకు జెందినవని ఫెర్గుసన్ నిర్ణయించెను. తరువాత 1881–82 సంవత్సరములలో జేమ్సు బర్జెస్ పరిశీలించి, అట్టి లోప్రాకారము లేదనియు, ఆ ఫలకములు స్తూపపీఠమునకే తొడిగినవనియు దేల్చెను. ఫెర్గుసన్ వివేకమునకు లోపము లేదు. స్థానము పటమునం దున్నది. రూపము ఛాయాచిత్రమునం దున్నది. 'ఈ రూప మీ స్థానమున నిలిచియుండగా జూచితిమి' అని రెండిటిని ముడివేయు వాక్య మొక్కటి లేదు. ఆ ఒక్కవాక్యపు లోటును ఊహ పూరించినది.

బర్జెస్ వచ్చునప్పటికి మఱియొక నష్టము జరిగిపోయినది. 1877లో రాబర్టు సూయల్ దిబ్బలో కొంతభాగమును ద్రవ్వి వివరములు వ్రాసికొనెను. 1880లో ప్రభుత్వోత్తరువుచే మిగిలినదంతయు ద్రవ్వబడినది. చైత్యమును వెలికిదీయవలెనను సదుద్దేశమే చైత్యమును పెద్ద గోతిగా మార్చినది.

తాళపత్రములతో బరిచయము గలవారికి ఇందు వింత లేదు. గ్రంథాంతమున లేఖకుడు సంవత్సరమాసతిథులను వ్రాసి, చూచినది చూచినట్లు వ్రాసితిననియు, తప్పులున్న తనది నేరము గాదనియు విన్నవించుకొనును. ఆ విన్నపమును విని యే పరిష్కర్తయు పాఠమును గన్నులు మూసికొని గ్రహింపడు. అయినను ఆ తిథివారముల నెంతయో యాదరించును. కెమెరా చెప్పుకొనునదియు నదియే విన్నపము: చూచినది చూచినట్లు పట్టితినని. కాని అది యేవైపునుండి చూచినది, ఏవేళ చూచినది, ఏది చట్టమునకు వెలుపల విడిచినది యను ప్రశ్నలకు లేఖకుని పాటి యుత్తరమైన నీయదు. ఆశ్వాసాంతగద్య పోయిన కావ్యమునకు కర్త యెవ్వరని తరతరములు వాదించుకొందురు. ఊరిపేరు లేని గోపురచిత్రము గతియు నంతే. నెగటివు మాతృక, దానినుండి దీసిన ప్రతులు పుత్రికలు. ప్రతిని అంచులు గత్తిరించి అచ్చువేసినచో నది లుప్తపాఠము. వన్నెలు హెచ్చించి మెఱుగులు దిద్దినచో నది ప్రక్షిప్తము.

మెకంజీ కాలమున చిత్రమును వాక్యమును వేఱుగా బెరుగలేదు. కావలి వేంకటబొఱ్ఱయ్యయు, ఆయన సోదరుడు లక్ష్మయ్యయు మెకంజీ కొలువున నుండి గ్రామగ్రామముల కథలను, శాసనములను, వంశావళులను సేకరించిరి. బొఱ్ఱయ్య 1803లో గతించిన పిమ్మట లక్ష్మయ్య పని సాగించెను. కైఫియత్తులని ప్రసిద్ధములైనవి ఈ ప్రయత్నముయొక్క ఫలములే. కరణము చెప్పిన మాట, పూజారి చెప్పిన మాట, కొలతగాని పటము, చిత్రకారుని గీత – ఇవి యన్నియు నొకే సర్వేకు అంగములు. 1821లో మెకంజీ మరణించిన తరువాత నీ యంగములు విడిపోయినవి. తెలుగు కైఫియత్తులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితపుస్తకశాలకు జేరినవి; చిత్రముల సంపుటము లండనులో నిలిచినది. వాక్యము నొక ఖండమునను, చిత్రమును మఱియొక ఖండమునను భద్రముగా నుండుట కంటె భద్రపఱచుటలోని వైపరీత్యమునకు వేఱుదృష్టాంత మక్కఱలేదు. సొమ్ము పోలేదు, కాని జత పోయినది.

తేది యెంత ముఖ్యమో హంపీ విఠ్ఠలాలయపు రాతిరథము తెలుపును. దానిని చూడనివారు లేరు. 2017నుండి యేబదిరూపాయల నోటుమీద గూడ నది యున్నది. వాస్తవమున నది గరుడునకు గట్టిన గుడి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్లా అను సేనాధికారి కాగితపు నెగటివులపై దీసిన చిత్రములో ఆ రథముమీద ఇటుకలతో గట్టిన శిఖరము గలదు. తరువాత నది తొలగింపబడినది. నేటి చిత్రమును జూచి కృష్ణరాయలనాటి రథము సరిగా నిట్లే యుండెనని పాఠశాలలో జెప్పినచో తప్పు. గ్రీన్లా చిత్రమునకు సంవత్సరమును స్థలమును తెలియకున్నచో దానిని మఱియొక గుడిగా భావించుటయు నంతే తప్పు. 1983లో జాన్ గోలింగ్సు అను ఛాయాచిత్రకారుడు గ్రీన్లా నిలిచిన తావులను వెదకి, అచటనే నిలిచి, అవే దృశ్యములను మరల దీసెను. నూటయిరువదియేడేండ్ల యెడముతో నున్న యీ జంటచిత్రములను ప్రక్కప్రక్కన బెట్టినచో, ఏ మంటప మెప్పుడు కూలినది, ఏది తిరిగి నిలువబెట్టబడినది యను వాదములు పెక్కు వాదింపకయే తీఱును. పాఠాంతరములు చూపుట యన నిదియే. కొత్తగా దీయు చిత్రము కంటె పాతచిత్రపు తావున మరల దీసిన చిత్రము భాండాగారమునకు హెచ్చువిలువ గలది. ఈ పనికి కీర్తి లేదు గనుక చేయువారు తక్కువ.

శాసనముల మాట కొంత వేఱు. ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు టధిష్ఠానమున నున్న శాసనమును 21 చిత్రములుగా దీసి, ఒకదాని సరస నొకటి యతికి, 19 అడుగులకు మించిన పట్టికగా గూర్చెను. అది యద్భుతమైన పని, సందేహము లేదు. అయినను అక్షరము జదువుటకు శాసనపరిశోధకులు నమ్ముకొన్నది కాగితపు అచ్చును. తడిపిన కాగితమును ఱాతిపై బఱచి, కుంచెతో గొట్టి, పైన సిరా యద్దినచో పల్లములోని యక్షరము తెల్లగను, చుట్టునున్న తలము నల్లగను దేలును. అక్షరము నిజప్రమాణమున నుండును. సూర్యుని దయతో బనిలేదు. అది చెప్పలేనిది యొక్కటే: ఆ ఱాయి గోడలో నెన్నవ వరుసది, దానికి పైన నేమున్నది, తలక్రిందుగా గట్టబడినదా యనునది. దానిని ఛాయాచిత్రము చెప్పును. కనుక నొకటి గలదని రెండవది మానరాదు. చిత్రము దీయునప్పుడు ఉదయమునగాని సాయంకాలమునగాని వాలుగా పడు వెలుతురు చూచికొనవలెను. మిట్టమధ్యాహ్నము తీసిన శాసనము నునుపైన ఱాయిగా గనబడును. అక్షరము స్పష్టపడుటకై సుద్దయో పిండియో నింపు వాడుక కొన్నిచోట్ల గలదు. ఇది ఱాతికి హాని చేయుటయే గాక పాఠమునకును ద్రోహము. శకవర్షపు అంకెలో నొకగీతను సుద్ద మ్రింగినను, కల్పించినను, చిత్రములో గనబడునది శాసనము గాదు, సుద్ద పూసినవాని యూహ.

నేటి సాధనములు పూర్వులు కలలోనైన నెఱుగనివి. చేతిలోని ఫోనే కెమెరా; చిత్రముతోబాటు తేదియు, వేళయు, అనుమతించినచో అక్షాంశరేఖాంశములును తానే వ్రాసికొనును. ఇంతకంటె నేమి కావలెనని యడుగవచ్చును. కాని ఆ చిత్రమును సందేశముగా నొకరి కొకరు పంపుకొన్నప్పుడు ఆ వివరములు తఱచుగా రాలిపోవును, చిత్రముయొక్క నాణ్యమును దగ్గును. భాండాగారమునకు జేరునది పెక్కుసార్లు ఆ రాలిన ప్రతియే. దానికి యంత్రము పెట్టిన అంకె తప్ప వేఱుపేరు లేదు. మఱియొక లోపము తీయువారిది. ఎల్లరును గోపురము నెదుటినుండియే తీయుదురు. వెనుకగోడను, వంటసాలలో మెట్టుగా బడియున్న శాసనఫలకమును దీయువారరుదు. 1516లో కృష్ణరాయలు గట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురము 2010 మే 26న కూలినది. 2017లో క్రొత్త గోపురమునకు ప్రతిష్ఠ జరిగినది. అట్టి గోపురమును గూర్చి పరిశోధకుడు వెదకునది ముఖభాగపు సొగసు గాదు, నాలుగువైపుల పగుళ్లు, అంతస్తుల కొలతలు, లోపలి మెట్లు. ఇంకొక మాట. గుడిముందు కుటుంబసమేతముగా నిలిచి తీయించుకొన్న యాత్రికుల చిత్రములను కొందఱు పరిహసింతురు. అట్లు పరిహసింపరాదు, మనుష్యుడు నిలిచినచో స్తంభపు టెత్తు తెలియును. కొలబద్ద పెట్టని పండితుని చిత్రముకంటె నదియే మేలు.

ఈ పని పెద్దకార్యాలయములకే సాధ్యమనుకొనుట పొరపాటు. నాగార్జునకొండ లోయలోని శిథిలములను 1926లో ప్రభుత్వమునకు దెలిపినవాడు సూరపరాజు వేంకటరామయ్య యను నుపాధ్యాయుడు. 1927 మొదలు లాంగుహర్స్టు త్రవ్వకములు జరిపెను. ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట 1954నుండి 1960వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యవమున లోయ యంతయు ద్రవ్వి పటములు వ్రాసి, ముఖ్యకట్టడములను కొండమీదికిని అనుపునకును దరలించి నిలిపిరి. నీరు వచ్చు గడువు తెలిసియుండుటచే, అమరావతిలో జరుగనిది యచట జరిగినది. పల్లెటూరి గుడికి అట్టి గడువును ముందుగా జెప్పువారు లేరు. జీర్ణోద్ధరణమనుపేర నెప్పుడో యొక ముహూర్తమున గోడలకు సున్నమో రంగులో పడును, నేలకు నునుపుఱాళ్లు పఱుపబడును. శాసనముగల పాతఱాయి క్రిందబడినదో బయట బడినదో యెవ్వరికిని దెలియదు. ఆ యూరి బడిపంతులు చేయగలిగిన దింత: ముహూర్తమునకు ముందు వారమున నాలుగుదిక్కులను, కొలబద్దతోడి స్తంభములను, శాసనమును వాలువెలుతురున దీసి, ప్రతిచిత్రమునకు ఊరు, తావు, దిక్కు, తేది, వేళ, తాను నిలిచిన చోటు, ఆ ఱాతిని గూర్చి పూజారియు వృద్ధులును జెప్పిన మాట వ్రాసిన చీటిని చేర్చి, రెండింటిని నొకే కట్టగా భాండాగారమునకు బంపుట, పని ముగిసిన మఱునాడు అదే చోట నిలిచి మరల దీయుట.