పంది ఎవరిది, బాణం ఎవరిది

కొట్టింది ఒకచోట, జంతువు పడింది మరొకచోట. తెచ్చుకుందామని వెళ్తే అక్కడ ఇంకొకరు నిలబడి ‘ఇది మాది’ అంటారు. వేట ఉన్న ప్రతి దేశంలోనూ ఈ తగవు ఉంది. ముందు గురిపెట్టినవాడిదా, పడగొట్టినవాడిదా, ఆ నేల ఎవరి ఏలుబడిలో ఉందో వాళ్లదా? ఈ ప్రశ్న మీద ఒక మహాకావ్యాన్ని మలుపు తిప్పినవాడు భారవి. ఆరో శతాబ్దపు ‘కిరాతార్జునీయం’లో 18 సర్గలున్నాయి. పదిహేనో సర్గలో ఒక్క నకారంతో అల్లిన శ్లోకాన్ని చూపించి ఆయన్ని అక్షరాల గారడీవాడిగా పరిచయం చేసేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఆయన పనితనమంతా 13, 14 సర్గల్లోని సంవాదంలోనే కనిపిస్తుంది. అక్కడ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మాటలే ఉన్నాయి.

ముందు ఆయన చేతికి అందిన ముడిసరుకు చూడాలి. వ్యాసుడి అరణ్యపర్వంలో మూకుడనే రాక్షసుడు పంది రూపంలో తపస్సు చేస్తున్న అర్జునుడి మీదికి వస్తాడు. అర్జునుడు విల్లెత్తగానే కిరాత వేషంలో ఉన్న శివుడు ఆపుతాడు, దీన్ని ముందు కోరుకున్నది నేనని. అర్జునుడు లెక్కచేయడు. రెండు బాణాలూ ఒక్కసారే తగులుతాయి. ఆపైన అర్జునుడే ఎదురు తిరిగి, నువ్వు చేసింది వేటధర్మం కాదంటాడు. అడవిలో బతికే మాకు ఈ నేల ఎప్పుడూ ఉన్నదే, ఇక్కడ ఉండాలని నీకెందుకనిపించింది అని కిరాతుడు నవ్వుతూ అడుగుతాడు. నిజం చెప్పుకోవాలంటే ఇక్కడ తప్పు అర్జునుడిదే. చోటు వాళ్లది, హెచ్చరికా విన్నాడు, అయినా కొట్టాడు.

భారవి ఆ హెచ్చరికను తీసేశాడు. చేసింది చిన్న మార్పే, కానీ దానితో కథ తీరే మారిపోయింది. ఆయన అర్జునుడికి పక్కన మరో వేటగాడున్నట్టు తెలియదు, కాబట్టి మర్యాద తప్పాడనడానికి లేదు. తగవు కూడా పంది మీద నుంచి బాణం మీదికి జరిగింది. శివుడి బాణం పందిని చీల్చుకుని నేలలోకి దిగిపోయింది. మిగిలింది అర్జునుడిది. దాన్ని తీసుకోవడానికి అతను వస్తాడు. అమ్ములపొదిలో బాణాలకు కరువు లేదు కదా, ఈ ఒక్కదాని కోసం రావడమెందుకు? ఇకముందు పనికొచ్చేదానికన్నా పని చేసి చూపించినదే కృతజ్ఞత తెలిసినవాళ్లకు ప్రియమైనది అని భారవి కారణం చెబుతాడు. వీరుడికీ ఆయుధానికీ మధ్య ఉండే అనుబంధాన్ని ఇంత తక్కువ మాటల్లో పట్టుకున్న చోటు మరొకటి నాకు తెలియదు.

సరిగ్గా అప్పుడే శివుడు పంపిన వనచరుడు ఎదురుగా నిలబడి ఉంటాడు. ఈ దూత భారవి సృష్టించిన రత్నం. తన స్థాయికి తగినట్టు వంగి దండం పెడతాడు. నీ శాంతం, నీ తపస్సు చూస్తేనే నీ వంశం తెలుస్తోందని మెచ్చుకుంటాడు. ఆ తర్వాతే అసలు మాట: పందిని చీల్చిన ఈ బాణం మా ఏలికది, నువ్వు తీసుకోవడం తగదు. దొంగ అనడు. పెద్దలు నడిచిన దారిని నీవంటివాడే తప్పితే ఇక ఆ దారిన నడిచేదెవరని అడుగుతాడు. పరుల బాణం మీద ఆశ పడకపోవడమే చాలదు, ఒకరు చంపిన మృగాన్ని మళ్లీ కొట్టినందుకు సిగ్గుపడాలి కూడా అంటాడు. ఏ వేటగాళ్ల సమూహమైనా నేటికీ ఒప్పుకునే నియమమిది. బాణాలే కావాలంటే ఈ కొండకు ఏలిక అయిన మా ప్రభువును అడగవచ్చుగా అని మరో మెట్టు ఎక్కుతాడు. ఆ ఒక్క మాటతో చోటెవరిదో కూడా చెప్పేశాడు. పొగడ్త, నీతి, సిగ్గు, ఉపకారం, స్నేహం, వెనకాల సన్నగా బెదిరింపు. ఒకదాని మీద ఒకటి ఎక్కడా అతుకు కనిపించకుండా పేర్చాడు.

ఇంత చక్కని వాదన నిలబడింది అబద్ధం మీద. బాణం అర్జునుడిదేనని చదువరికి ముందే తెలుసు. అయినా దూత మాట్లాడుతున్నంతసేపూ ‘ఇచ్చేయవచ్చుగా’ అనిపిస్తుంది. అర్జునుడితో పాటు చదువరిని కూడా పరీక్షలో కూర్చోబెట్టడమంటే ఇదే.

పద్నాలుగో సర్గలో అర్జునుడి జవాబు కూడా మెప్పుతోనే మొదలవుతుంది, మంచి మాటకు ఉండాల్సిన గుణాలేమిటో చెబుతూ. పిమ్మట సూటిగా వస్తాడు. అడవి జంతువులు ఎవరి సొత్తు? బలంతో చంపినవాడివే. ఈ విషయంలో మీ రాజు అభిమానం వదులుకోవడం మేలు. 533లో వెలువడ్డ జస్టీనియన్ న్యాయగ్రంథం కూడా అడవి జంతువు పట్టుకున్నవాడిదే అంటుంది, అది పరుల నేలలో పట్టినా సరే. కాకపోతే ఆ నేల యజమాని లోపలికి రావద్దని అడ్డుకోవచ్చు. 1805లో న్యూయార్క్ న్యాయస్థానం నక్క వేట తగవులో ఇదే దారి పట్టింది. వేటకుక్కలతో నక్కను తరుముతున్నది పోస్ట్, మధ్యలో వచ్చి చంపింది పియర్సన్. తరిమినంత మాత్రాన సొంతం కాదని తీర్పు. దానితో విభేదించిన జడ్జి లివింగ్‌స్టన్, ఇలాంటివి వేటగాళ్లే తేల్చుకోవాలన్నాడు. ఈ వాదాలు రెండూ మన కావ్యంలో ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. దూతది వేటగాళ్ల మర్యాద, అర్జునుడిది చట్టం.

ఈ కావ్యానికి ‘ఘంటాపథం’ అనే వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’లో ఇదే కథను తెలుగు చేశాడు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు మీద చిత్రకారులు దీన్నే రంగుల్లో దించారు. భారవిని కొత్తగా చేతిలోకి తీసుకునేవాళ్లు మొదటి సర్గలోని ద్రౌపది కోపంతోనే ఆరంభించాలన్న నియమమేమీ లేదు. పదమూడో సర్గ తెరిచి, మల్లినాథుణ్ణి పక్కన పెట్టుకుని, దూత మాటలు పైకి చదవండి. అర్జునుడి జవాబులోకి వెళ్లేముందు కాసేపు ఆగి, ఆ స్థానంలో మీరైతే ఏమనేవారో ఆలోచించండి.