ఎడంకాలి పాఠం

నూజెండ్లలో టీ కొట్టు దగ్గర ఫుట్‌బాల్ మీద తగువు జరగడం నేను ఒక్కసారే చూశాను. మామూలుగా అక్కడ నడిచేవి మిరప ధర, కాలవ నీళ్ళు, ఐపీఎల్. ఆ రోజు మాత్రం ఫుట్‌బాల్ కోచ్ రహీం కథతో తీసిన 'మైదాన్' సినిమాను ఫోన్లో చూసొచ్చిన ఓ కుర్రాడు, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన తన మేనమామను పట్టుకున్నాడు.

"సినిమా అన్నాక కొంత ఎగేసి చూపిస్తార్లే మామా. ఆ ఆటంతా హంగేరీ వాళ్ళ దగ్గర నేర్చిందేగా. రహీం కనిపెట్టిందేముంది?"

"దోసెలు పొయ్యడం యూట్యూబ్‌లో నేనూ చూశాన్రా. పెనం మీద తిరగెయ్యమను, అప్పుడు తెలుస్తది."

అరవై ఏళ్ళ కిందట పోయిన ఒక కోచ్ ఆటతీరు మీద, ఫుట్‌బాల్ గ్రౌండంటూ లేని ఊళ్ళో, రెండు టీలు తాగేంతసేపు సాగిన వాదన అది. ఇద్దరూ కొంత నిజమే చెప్పారు. ఇద్దరూ అసలు పనితనం దగ్గరకు ఆలస్యంగా వచ్చారు.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఎత్తుకొచ్చింది. భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. ఢిల్లీలో 1951లో, జకార్తాలో 1962లో ఏషియాడ్ బంగారు పతకాలు వచ్చాయి. ఫుట్‌బాల్లో మన దేశానికి ఏషియాడ్ బంగారమంటే ఇప్పటికీ ఆ రెండే. ఇవన్నీ ఎక్కడైనా దొరికే లెక్కలు. నాకు అంతకన్నా ఇష్టమైనవి ఆయన హైదరాబాదులో కుర్రాళ్ళకు పెట్టిన వింత పోటీలు.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. ఇంకో పోటీలో ప్రతివాడూ తన చేతగాని కాలితోనే బంతి తన్నాలి.

ఈ రెండో నిబంధనను కాస్త ఆగి చూడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడి ఎడమవైపుకు బంతి వచ్చిందనుకోండి. వాడు ముందు దాన్ని కుడికాలి కిందకు తెచ్చుకుంటాడు, ఆ తర్వాత తంతాడు. ఆ తెచ్చుకోవడానికి అరక్షణం పడుతుంది. డిఫెండరుకు కావలసింది ఆ అరక్షణమే. పైగా ఇతను ఎటు తిరుగుతాడో వాడికి ముందే తెలుసు. ఎడంకాలు కూడా పనిచెయ్యడం మొదలుపెడితే ఆ అరక్షణం మిగులుతుంది, ఎటు తిరుగుతాడన్నదీ తెలియకుండా పోతుంది. దీన్ని బోర్డు మీద గీసి చెప్పొచ్చు, వందసార్లు అరిచీ చెప్పొచ్చు. రహీం ఆ పని నిబంధనకు అప్పగించారు. కుడికాలిని ఆటలోంచి తీసేస్తే ఎడంకాలికి పని చెయ్యక తప్పదు.

డ్రిబ్లింగ్ లేని పోటీదీ ఇదే దారి. బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకోవడానికి లేదు కాబట్టి అది రాకముందే తలెత్తి చూసుకోవాలి, ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలి. అంతకన్నా పెద్ద మార్పు బంతి లేని మిగతా పదిమందిలో వస్తుంది. నిలబడి చూస్తే ఆట ఆగిపోతుంది గనక వాళ్ళు ఖాళీ వెతుక్కుంటూ పరుగెత్తాలి. హైదరాబాదు ఆటకు పేరు తెచ్చిన పొట్టి పాసులు, ఒక్క తాకుతో బంతిని సాగనంపడం ఇలాంటి కట్టడిలోంచి వచ్చాయి.

మా పల్నాడులో ఎత్తు అంటే ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడమే. నాయకురాలు నాగమ్మ నేల కదా, ఆలోచన కోడిపందెం దాకా పోతుంది. రహీం ఎత్తులు మాత్రం ముందు తన సొంత ఆటగాళ్ళ మీద పడేవి.

మేనల్లుడి దగ్గర గట్టి ఆయుధమే ఉంది. "హెల్సింకీలో పది గోల్స్ తిన్నాం మామా." నిజమే. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. మనవాళ్ళలో చాలామంది ఒట్టి కాళ్ళతో ఆడారు. బూట్లు తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. మాస్టారు దానికి తడుముకోలేదు. "నాలుగేళ్ళకు అదే యుగోస్లావియా, అదే కోచ్, ఈసారి సెమీఫైనల్. ముందు గోలు కొట్టిందెవరు? మనం." ఆ మ్యాచ్ 4-1తో పోయింది. కానీ 1956 మెల్‌బోర్న్‌లో అంతకుముందే నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టి ఆస్ట్రేలియాను 4-2తో పంపించాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

హంగేరీ సంగతికొస్తే, సెంటర్ ఫార్వర్డును ముందు వరుసలోంచి కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతితో వాళ్ళు 1953లో ఇంగ్లండును 6-3తో కొట్టారు. ఆ పద్ధతిలో కిటుకు ఒక్కటే. తొమ్మిదో నంబరు వేసుకునే ఆ సెంటర్ ఫార్వర్డు వెనక్కి జరిగితే వాణ్ణి కాసే డిఫెండరు వెంట వెళ్ళాలా, ఉన్నచోటే ఉండాలా? వెళితే వెనక సందు పడుతుంది. ఉంటే వాడు తీరిగ్గా బంతి పంచుతాడు. రహీం కూడా ఈ ఎత్తు వాడారు. 4-2-4ను బ్రెజిల్ కన్నా ముందే ఆడించారని అభిమానులు గట్టిగా అంటారు. ఎవరు ముందన్న పందెంలో నేను దిగను. ఆ రోజుల్లో మూడు ఖండాల్లోనూ ఆట అటే జరుగుతోంది. ఎడంకాలు పనిచేసే కుర్రాళ్ళు ఉంటేనే ఆ అమరిక కాగితం దిగి గడ్డి మీదకొస్తుంది. అందుకే నాకు మాస్టారి దోసె సామెత నచ్చింది.

ఇక జకార్తా. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండును 4-1తో గెలిచారు గానీ డిఫెన్సుకు స్తంభం లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. తలతో బంతిని ఆపాల్సిన మనిషి తలకు కట్టుతో కూర్చుంటే ఏ కోచైనా అతణ్ణి పక్కనపెట్టి ఇంకొకర్ని చూసుకుంటాడు. రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డుగా దించారు.

"అది జూదం మామా," అన్నాడు కుర్రాడు.

"జూదమైతే నేరుగా ఫైనల్లోనే ఆడేవాడు. సెమీస్‌లో వియత్నాం మీద ఆడించి చూశాడుగదరా. గోలు కొట్టాకనే ఫైనల్‌కు అట్టే ఉంచాడు."

దక్షిణ వియత్నాంతో ఆ సెమీఫైనల్ 3-2. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే. ఫ్లూ నుంచి తేరుకుంటున్న పీటర్ తంగరాజ్‌ను గోలు ముందు నిలబెట్టారు. ముందు వరుసలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్. ఆ రోజు 1962 సెప్టెంబరు 4. ఏషియాడ్ రాజకీయాల వల్ల స్టేడియమంతా మనవాళ్ళ మీద కోపంతో కేకలేస్తోంది. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చింది. 2-1. బెంచీ మీద కూర్చున్న కోచ్‌ను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన పోయారు.

కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. కాసేపాగి, "ఎడంకాలితో ఆడటం అంత కష్టమా మామా?" అన్నాడు.

"పొద్దున్నే హైస్కూలు గ్రౌండుకు రా."

పిలవకపోయినా నేనూ వెళ్ళాను. మాస్టారు కొట్టింది గోలనుకుని పాతిన కర్రకు తగిలి పక్కకు పోయింది. కుర్రాడిది నేల మీద పాకింది. నాది గాల్లోకి లేచి గోడ దాటి సర్కారు తుమ్మల్లో పడింది. ముళ్ళలోంచి దాన్ని తీసుకురావడానికి పావుగంట పట్టింది.