నాటకం విడిచిన సంగీతం

ఆర్కెస్ట్రా కోసం రాసిన సంగీతాన్ని ఊదుడు వాద్యాల బ్యాండుకు మార్చడం కళను దిగజార్చడమేనని వాదించే పండితులున్నారు. ఆ వాదాన్ని నేను అంగీకరించలేను. నష్టం జరిగేది మరోచోట.

ఇబ్సెన్ 1867లో రాసిన పద్యనాటకం 'పీర్ గింట్' 1876లో నార్వే రాజధానిలో రంగమెక్కినప్పుడు గ్రీగ్ సంగీతం సమకూర్చాడు. 1888లో తానే అందులోంచి నాలుగు ఘట్టాలు ఏరి, కచేరీ కోసం ఒక సూట్‌గా కూర్చాడు. నాలుగో అంకంలోని ఉదయం మొదటికి వచ్చింది; రెండో అంకంలోని కొండరాజు కొలువు చివరికి పోయింది. నాటకంలో ఆ కొలువు ఎవరికి వారే చాలుననుకునే ట్రోల్ భూతాలది. పీర్‌ను చంపమని అవి కేకలు వేస్తాయి. సూట్‌లో ఆ గొంతులు లేవు. అంతకంతకూ వేగం పెంచుకునే బాణీ మాత్రమే మిగిలింది. మొరాకో తీరాన తెల్లవారే ఘట్టం చాలామంది శ్రోతలకు నార్వే కొండల సూర్యోదయమైపోయింది. సంగీతాన్ని నాటకం నుంచి మొదట విడదీసింది బ్యాండు కాదు, కచేరీ సభ.

'ఓసె మరణం' మూలంలో నాదం అణిచిన తీగవాద్యాలకే రాసినది. బ్యాండులో ఆ భారం క్లారినెట్లు, యూఫోనియంలు మోస్తాయి. కమాను సాగదీసే చోట మనిషి ఊపిరి తీసుకోక తప్పదు. తల్లి మరణశయ్య పక్కన ఆ ఊపిరి వినిపించడం లోపమని నేననుకోను.

మన సంగతి చూద్దాం. విజయవాడ పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ సినిమా పాట ఎత్తుకుంటే, మాటలు జనం మనసులోనే ఉంటాయి. కృష్ణా డెల్టా పల్లెలో హార్మోనియం మీద రాయబారం పద్యం వరస పలికితే, తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' కళ్లముందు నిలుస్తుంది. వాద్యం మారినా అర్థం చెదరకపోవడానికి కారణం శ్రోత జ్ఞాపకం. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథలో రైతు పోరాటాన్ని చెప్పినప్పుడు ఆధారపడింది కూడా ఈ జ్ఞాపకం మీదే. రూపం జనానిది, వస్తువు కొత్తది.

గ్రీగ్ బాణీకి మన శ్రోతలో అలాంటి ఆధారం లేదు. ఇబ్సెన్ అనగానే మనకు గడప దాటిన నోరా గుర్తొస్తుంది, తనను తానే మోసగించుకున్న పీర్ కాదు. కథ తెలియకపోతే, ఇబ్సెన్ ఏ స్వార్థాన్ని ఎగతాళి చేశాడో ఆ స్వార్థమే ఈ బాణీకి తాళం వేసి, తృప్తిగా ఇంటికి పోతుంది.

కనుక బ్యాండు మాస్టరును నిందించి ప్రయోజనం లేదు. బాణీని వీధిలోకి తేవడం అతని పని, అతను చేస్తున్నాడు. దాని వెంట కథను కూడా నడిపించడం రచయితల బాధ్యత.