ట్రిలియన్ చదువేమైంది?

డగ్లస్ ఆడమ్స్ 1979లో రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' శ్రేణిలో మొదటి నవల. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కలిసే మిత్రులకు అందులో 42 గుర్తుంది. బైపాస్ కోసం ఆర్థర్ ఇంటినీ, అంతరిక్ష రహదారి కోసం భూమినీ కూల్చేసే అధికారులు గుర్తున్నారు. గొప్ప వ్యంగ్యమే. కానీ ట్రిలియన్ మాట ఎవరూ ఎత్తరు. గణితంలో, ఖగోళ భౌతికశాస్త్రంలో పట్టాలున్న ఆమె, మళ్ళీ నిరుద్యోగ భృతి క్యూలో నిలబడలేక జాఫడ్ వెంట వెళ్ళిపోయింది. నారాయణగూడలో డిగ్రీ చేసి, అశోక్‌నగర్‌లో ఏళ్ళ తరబడి గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలకు ఇది నవ్వులాట కాదు. రచయిత మాత్రం ఒక్క చమత్కారంతో దాటేశాడు. ఆమె వెంట తెచ్చుకున్న రెండు ఎలుకలకు కథలో దక్కిన ప్రాధాన్యం ఆమెకు దక్కలేదు. ప్రభుత్వాల మూర్ఖత్వాన్ని అంత పదునుగా చూసిన కలానికి ఈ వృథా ఎందుకు ఆనలేదన్నదే నా ప్రశ్న.