పడుచు ఒళ్లు, ముసలి నోరు

పెద్ద వయసు మనిషి ఏదో మాయ వల్ల మళ్లీ పడుచు వయసుకు వెళ్తే, ఆ కొత్త ఒంట్లో ఇమడలేక పాత మనసు పడే తిప్పలు నవ్వు పుట్టిస్తాయి. సినిమా హాస్యంలో ఇదొక ప్రత్యేకమైన శాఖ. తెలుగులో దీనికి బాగా పేరొచ్చిన ఉదాహరణ 2019 జులై 5న విడుదలైన ‘ఓ! బేబీ’. దర్శకురాలు బి.వి. నందిని రెడ్డి, మాటలు లక్ష్మీ భూపాల. డెబ్బై ఏళ్ల బేబీ (లక్ష్మి) నోరు పెద్దది. కోడలి ఆరోగ్యం చెడడానికి ఆ నోరే కారణమని ఇంట్లో తేలాక, మనసు చివుక్కుమని బయటపడుతుంది. దారిలో ఓ ఫొటో స్టూడియోలోకి వెళ్తుంది. ఫొటో తీయించుకుని బయటికొచ్చేసరికి ఇరవై నాలుగేళ్ల పిల్ల (సమంత). స్వాతి అని పేరు మార్చుకుని, సొంత మనవడి బ్యాండులో పాటగత్తెగా చేరుతుంది. కథకు మూలం 2014లో హ్వాంగ్ డాంగ్‌హ్యుక్ తీసిన కొరియన్ సినిమా ‘మిస్ గ్రానీ’. తెలుగుకు రాకముందే చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఈ కథను తమ తమ ఇళ్లలోకి తెచ్చుకున్నాయి. అత్తాకోడళ్లు లేని దేశం లేదు కదా.

కథ కొరియా నుంచి దిగుమతి అయినా, ఊహ మాత్రం ఇక్కడ పాతదే. యయాతి శుక్రాచార్యుడి శాపంతో ముసలివాడై, కొడుకుల్ని వయసు అప్పడుగుతాడు. పెద్దవాళ్లంతా తప్పుకుంటే చిన్నవాడు పూరుడు ఇస్తాడు. చ్యవన మహర్షి అశ్వినీదేవతలతో కలిసి కొలనులో మునిగి, వాళ్లలాగే పడుచువాడై తేలితే, ముగ్గురిలో మొగుడెవరో తేల్చుకోవలసిన పని సుకన్య మీద పడుతుంది. రెండోది కచ్చితంగా హాస్య సన్నివేశమే. తత్సమాలు వాడకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యంగా పేరొందిన, పొన్నికంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’కు కూడా వస్తువు ఆ మొదటి కథే. పదహారో శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల కొలువులోని అమీన్‌ఖానుకు దాన్ని అంకితమిచ్చారు.

ఈ ఊహకు పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం వైపున ఒక భౌగోళిక చిరునామా కూడా ఉంది. మార్కాపురానికి ఉత్తరాన ఉన్న త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. నల్లమల అంతా సిద్ధుల తావు అని మధ్యయుగాల రసవాదులు నమ్మారు. నిత్యనాథ సిద్ధుడి పేరున ఉన్న సంస్కృత గ్రంథం ‘రసరత్నాకరం’లో శ్రీపర్వతం (శ్రీశైలం) చుట్టుపక్కల చోట్లకు ఒక భాగమే కేటాయించారు. ఎక్కడి నీళ్లు తాగితే, ఏ రాయి, ఏ పండు ఎలా వాడితే ముడతలూ నెరుపూ పోతాయో దారి చెప్పినట్టు చెబుతుంది. వయసు వెనక్కి తిప్పే నీళ్లున్నాయని గ్రంథాలు చూపించిన ఈ అడవి అంచున, నేలలో నిజంగా ఉన్న నీళ్లు ఏం చేస్తాయో ముందు ముందు వస్తుంది.

ఇంగ్లీషులో ఈ తరహా హాస్యానికి మూలపురుషుడు ఎఫ్. ఆన్‌స్టీ. 1882లో వచ్చిన ఆయన నవల ‘వైస్ వెర్సా’లో బడికి పోనని ఏడుస్తున్న కొడుకుతో, నీ వయసు నాకుంటే ఎంత బాగుండునో అని ఒక పెద్దమనిషి ఊరికే అంటాడు. ఆ సమయానికి చేతిలో ఉన్నది ఇండియా నుంచి వచ్చిన గరుడ రాయి. మాట పూర్తయ్యేసరికి ఆయన బడిపిల్లవాడు, ఆపైన అదే రాయితో కొడుకు ఇంటి యజమాని. ఆ తర్వాత హాలీవుడ్ ఈ గనిని వదల్లేదు. 1988లో ‘18 ఎగైన్!’ వచ్చింది. తొంభై దాటిన జార్జ్ బర్న్స్ అందులో మనవడితో శరీరం మార్చుకునే తాతయ్య. 2003 నాటి ‘ఫ్రీకీ ఫ్రైడే’లో తల్లీకూతుళ్లు ఒకరి ఒంట్లోకి ఒకరు వెళ్తారు. 2009 నాటి ‘17 ఎగైన్’లో ఓడిపోయిన నడివయసు తండ్రి హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాడిగా తిరిగొస్తాడు.

మాయ ఎలా జరిగిందన్నది ఈ సినిమాల్లో తక్కువ పని. రాయో, అద్దమో, స్టూడియోనో ఒకటి చాలు, ప్రేక్షకుడు రెండు నిమిషాల్లో ఒప్పుకుంటాడు. మాయకు పెట్టే షరతు మాత్రం జాగ్రత్తగా కట్టాలి. ‘మిస్ గ్రానీ’ రచయితలు రక్తాన్ని షరతుగా పెట్టారు. ఒంట్లోంచి రక్తం పోతే వయసు తిరిగొచ్చేస్తుంది. ‘ఓ! బేబీ’ దాన్ని అలాగే ఉంచుకుంది. చిన్న గీత పడ్డా ప్రమాదమే కాబట్టి నవ్వుతున్న ప్రతి సన్నివేశం కిందా ఒక భయం ఉంటుంది. పతాక సన్నివేశానికి వేరే ప్రతినాయకుడు అక్కర్లేదు. మరొక అవసరం సాక్షి. రహస్యం తెలిసిన మనిషి ఒక్కడైనా ఉంటేనే, పడుచు ఒంట్లోని ముసలి ప్రాణం అసలు గొంతుతో మాట్లాడగలదు. ఇక్కడ ఆ సాక్షి చిన్ననాటి నుంచీ బేబీ అంటే ప్రాణమైన చంటి. ఆ పాత్రకు రాజేంద్రప్రసాద్‌ను తీసుకోవడం సగం గెలుపు. ‘లేడీస్ టైలర్’ (1986), ‘ఆహ నా పెళ్లంట’ (1987) చూసిన తరానికి ఆయన ముఖంలోనే పోయిన కాలం కనిపిస్తుంది.

అయినా ఈ శాఖలో అసలు పనితనమంతా మాటలో ఉంది. తెలుగులో మనిషి వయసు ముఖం కంటే ముందు మాటలో బయటపడుతుంది. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, మాట చివర ‘రా’ పెడతారా ‘అండీ’ పెడతారా అన్నదాన్ని బట్టి వరసలన్నీ తేలిపోతాయి. అందుకే ఇరవై నాలుగేళ్ల పిల్ల తన కన్నకొడుకైన ప్రొఫెసర్‌ (రావు రమేష్)ని చూసినప్పుడు నోట్లోకి వచ్చే పిలుపును దాచుకోవడం దగ్గర నాటకం మొదలవుతుంది. దాచుకున్నప్పుడు కడుపు తరుక్కుపోతుంది, జారిపోయినప్పుడు హాలంతా నవ్వుతుంది. ఒకే పిలుపుతో రెండు పనులూ జరుగుతాయి. ఇంగ్లీషు సినిమాకు ఈ సదుపాయం లేదు. పిల్లా పెద్దా అందరికీ ఒకే ‘యూ’ కాబట్టి అక్కడ వేషం మీదా, పాత పాటల మీదా, కొత్త ఫోన్లు వాడడం రాని తడబాటు మీదా ఆధారపడాలి. అవన్నీ అరగంటలో పాతబడిపోతాయి. సమంత నటనలో బాగున్నదంతా లక్ష్మి గొంతును అనుకరించడంలో లేదు, లక్ష్మి ధీమాను పట్టుకోవడంలో ఉంది. ఎదుటివాళ్లందరూ తనకంటే చిన్నవాళ్లే అన్న నమ్మకం నడకలో, కూర్చునే తీరులో, కసురుకునే వేగంలో తప్పకుండా కనిపిస్తుంది.

ఈ లెక్కన పశ్చిమ ప్రకాశం మాట ఇలాంటి కథకు ఇంకా బాగా పనికొస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. మాటలో ఆ సీమ బిగువు ఇంకా పోలేదు. ఇరవై ఏళ్ల పిల్ల మార్కాపురం బస్టాండులో నెరిసిన మీసాల కండక్టర్ని పట్టుకుని “యాడికి పోతన్నావురా అబ్బయా, ముందు ఆ మూట లోపలెయ్యి” అని గదమాయిస్తే చాలు, వెనకాల సంగీతం అక్కర్లేదు. ‘ఓ! బేబీ’ నిర్మాణంలో భాగమున్న సురేష్ ప్రొడక్షన్స్‌ను స్థాపించిన డి. రామానాయుడిది నాటి ప్రకాశం జిల్లా తూర్పు కొస, కారంచేడు. జిల్లా పడమటి కొస మాత్రం ఇలాంటి కథల్లోకి ఇంకా అడుగుపెట్టలేదు.

అమెరికన్ సినిమాలు పదిహేడు, పద్దెనిమిదికి వెనక్కి వెళ్తే కొరియన్ కథ ఇరవైకి, తెలుగు కథ ఇరవై నాలుగుకు వెళ్లి ఆగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అమెరికన్ల ఊహలో హైస్కూలు అంటే ఆటలు, నాట్యాలు, మొదటి ప్రేమ. తెలుగువాళ్లకు పదిహేడు అంటే ఇంటర్మీడియట్. గిద్దలూరులో నలభై అయిదేళ్ల వ్యాపారి ఒకరు మాయ వల్ల పదిహేడుకు వెళ్తే, ఆ వారమే ఇంట్లోవాళ్లు గుంటూరు, విజయవాడ, నెల్లూరుల్లో ఏదో ఒక హాస్టల్లో పడేస్తారు. తెల్లవారక ముందే స్టడీ అవర్లు, ఆదివారం పరీక్ష, ఈఏపీసెట్ ర్యాంకు. ఆయన రెండో రోజే ముసలితనం తిరిగిమ్మని మొక్కుకుంటాడు. అదీ మంచి హాస్యమే, కానీ రెండున్నర గంటలు చూడడం కష్టం.

ఇంకో కారణం తెలుగు సినిమా అలవాటులోనే ఉంది. మగ హీరోకు వయసు వెనక్కి తిప్పడానికి ఇక్కడ మాయ ఎప్పుడూ అవసరం కాలేదు. ‘బడి పంతులు’ (1972)లో ఎన్.టి. రామారావుకు మనవరాలిగా నటించిన శ్రీదేవి, ఏడేళ్లకే ‘వేటగాడు’ (1979)లో ఆయన పక్కన కథానాయిక. అప్పటికి ఆయన వయసు 56. మనవరాలు పెరిగింది, తాత తగ్గాడు. దేవుడు, రాయి, స్టూడియో ఏదీ లేకుండానే ఇది జరిగిపోయింది, ప్రేక్షకులు ఈలలు వేశారు. ఆ అలవాటున్న చోట ఒక ముసలావిడ వయసు వెనక్కి తిరగాలంటే మాత్రం దేవుడే ఫొటోగ్రాఫర్ రూపంలో (జగపతిబాబు) దిగి రావలసి వచ్చింది.

ఆ ముసలావిడకు వయసు ఎందుకు తిరిగివ్వాలన్నది కథకు గుండె. ‘17 ఎగైన్’ తండ్రి ఒకప్పుడు అనుభవించి వదులుకున్నదాన్ని మళ్లీ అడుగుతున్నాడు. బేబీ అసలు అనుభవించనే లేదు. చిన్న వయసులో భర్త పోయాడు, చేతిలో బిడ్డ, పాడాలన్న కోరిక మూలన పడింది. ఆమెకు వచ్చింది వరం కంటే బాకీ వసూలు లాంటిది. ఈ తేడా తెలియని రచయితలు తీసిన సినిమాలు వేషాల దగ్గరే ఆగిపోతాయి.

మార్కాపురం వైపు అలాంటి బాకీలు పెద్దవి. ఈ ఊరి పేరు దేశమంతా తిరిగింది పలకల మీద. ఇక్కడి గనుల్లో దొరికే నల్లరాయిని పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించి బడులకు పంపారు. ఆ పని చేసిన చేతుల్లో బడి వయసు చేతులు ఎన్నో ఉన్నాయి. 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, కొన్ని పరిశ్రమలను ఎంచుకుని ప్రత్యేక పథకాలు మొదలుపెట్టినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, మంద్‌సౌర్ బలపాలు, జగ్గంపేట పెంకులతో పాటు మార్కాపురం పలకలూ ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికి పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు యాభై దగ్గర పడుతోంది. ఊళ్లో ఎవరో పిల్లలు ‘అ ఆ’లు దిద్దుకోవడానికి పలక చేసిపెట్టి, తాము దిద్దుకోకుండా పెద్దయిన ఒక మనిషి పడుచు వయసుకు తిరిగి వెళ్తే మొదట ఏం చేస్తాడు? బేబీలా బ్యాండులో పాడకపోవచ్చు. పై సినిమాలేవీ అడగని ప్రశ్న ఇది, ఇందులోనూ నవ్వుకు చోటుంది.

ఇక నీళ్లు. కనిగిరి, పొదిలి మొదలు మార్కాపురం దాకా పశ్చిమ ప్రకాశం భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ చాలాచోట్ల హద్దు దాటింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగుతుంది, నలభైలో అరవై కనిపిస్తుంది. సినిమా మాయకు సరిగ్గా తలకిందులు ఇది. మాయకు కూడా ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పళ్ల మీది గార మచ్చలు ఎనిమిదేళ్ల లోపు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడతాయి. అందువల్ల పదిహేడుకు వెనక్కి వెళ్లినా మోకాళ్లు సడలుతాయేమో గానీ పళ్లు మాత్రం తెల్లబడవు. మేకప్ మనిషి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఈ ప్రాంతానికి నల్లమల కొండ కింద సొరంగాలు తవ్వి కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పదిహేడేళ్లున్నవాళ్లు ఇప్పుడు ఇలాంటి సినిమాలో కథానాయకులు కాదగ్గ నడివయసుకు వచ్చేశారు.

కథ ఎక్కడ జరిగినా ముగింపు దాదాపు ఒకటే, వయసు వెనక్కి ఇచ్చెయ్యాలి. యయాతి వెయ్యేళ్లు అనుభవించి, తనివి తీరక, చివరికి పూరుడి యౌవనం పూరుడికి ఇచ్చాడు. ‘ఓ! బేబీ’ ఈ లావాదేవీని తిరగేసింది. యయాతి కొడుకు దగ్గర తీసుకున్నాడు, బేబీ మనవడికి ఇస్తుంది. ప్రమాదంలో పడిన రాకీ (తేజ సజ్జా)కి ఆమె రక్తమే సరిపోతుంది. ఇస్తే పడుచుతనం పోతుంది. ఎదురుగా ఉన్నది తల్లేనని గ్రహించిన కొడుకు, ఇవ్వొద్దు వెళ్లిపో, ఈసారైనా నీకోసం బతుకు అన్నట్టుగా బతిమాలే సన్నివేశంలో రావు రమేష్ సినిమా మొత్తాన్ని మోశారు. బేబీ రక్తం ఇచ్చి మళ్లీ డెబ్బైకి వస్తుంది. ఆ తర్వాత చివర్లో ఒక కొసమెరుపు. ఈసారి చంటి వంతు, అతడు కుర్రాడైపోతాడు. ఆ కుర్ర చంటిగా నాగచైతన్య కాసేపు కనిపిస్తారు. అతడి కోసం ఏ షరతూ పెట్టలేదు, రక్తం అడగలేదు.