తల్లి రెక్క విదిలిస్తే

అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. చేప గుడ్లు పెట్టిందని తెలియగానే వాటిని వేరే డబ్బాలోకి మార్చేస్తారు. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ మందు చుక్కలు వేసి, ఎయిర్ పంపు పెట్టి, పిల్లల్ని తామే పెంచుతారు. అమ్మకానికి పెంచేవాళ్లకు అది తప్పదేమో. ఇష్టం కొద్దీ పెంచుకునేవాళ్లు మాత్రం క్రిబెన్సిస్ లాంటి, సిక్లిడ్ కుటుంబానికి చెందిన చిన్న చేపల దగ్గర ఆ పని చేస్తే, ఆ చేపలో చూడాల్సిన అసలు సంగతిని చేజేతులా వదులుకున్నట్టే.

క్రిబెన్సిస్‌ది దక్షిణ నైజీరియా. జత కట్టే రోజుల్లో ఆడదాని పొట్ట ముదురు గులాబీ రంగు తేలుతుంది. ఒళ్లు వంచి, వణికిస్తూ మగదాన్ని పిలిచేది అదే. కొబ్బరి చిప్పకు అంచున చిన్న కన్నం చేసి బోర్లిస్తే చాలు, ఇల్లు కుదిరినట్టే. లోపలి ఇసుకను నోటితో తోడి బయట పోస్తాయి. గుడ్లను చిప్ప పైకప్పుకు అంటించాక ఆడది అక్కణ్నుంచి కదలడమే తక్కువ. రెక్కలతో వాటికి నీళ్లు విసురుతూ, బూజు పట్టి తెల్లబడ్డవాటిని ఏరి తినేస్తుంది. మగది బయట కాపలా. సుమారు మూడు రోజులకు గుడ్లు పగులుతాయి, మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతాయి.

అప్పుడు గాజుకు ముఖం ఆనించి చూడాలి. పిల్లలు ఇసుకమీద నలుసుల్లా కదులుతుంటాయి. పక్కనుంచి వేరే చేప వచ్చిందంటే తల్లి ఒక్కసారి ఒళ్లు జలదరించి రెక్క విదిలిస్తుంది. అంతే, గుంపంతా అడుగుకు దిగి కదలకుండా ఉండిపోతుంది. ఇసుకేదో పిల్లేదో పోల్చుకోలేం. దారి తప్పినదాన్ని నోట్లోకి తీసుకుని గుంపు మధ్యలో ఉమ్మేస్తుంది. చీకటి పడేముందు ఇలాగే అన్నిటినీ చిప్పలోకి చేరుస్తుంది. అందుకే ట్యాంకు లైటు ముందు ఆర్పి, గది లైటు కాసేపు ఉంచాలి. ఉన్నట్టుండి చీకటి చేస్తే సగం పిల్లలు బయటే మిగిలిపోతాయి.

తండ్రి సంగతి చెప్పాలంటే జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ గుర్తొస్తాడు. 1949లో వచ్చిన పుస్తకంలో ఆయన ఆఫ్రికా సిక్లిడే అయిన జ్యువెల్ ఫిష్ గురించి రాశాడు. తండ్రి చేప నోట్లో వానపాము ముక్క ఉంది. అంతలో తప్పిపోయిన పిల్ల కనిపిస్తే దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఒకటి మింగాలి, ఒకటి మింగకూడదు. కాసేపు కదలకుండా నిలబడి, రెంటినీ ఉమ్మేసింది. పిల్లమీద ఒక కన్నేసి ఉంచి ముక్క తినేసింది, ఆనక పిల్లను ఇంటికి మోసుకెళ్లింది. వేరే డబ్బాలో పెంచితే ఇలాంటివి కనిపించేదెక్కడ?

మొదటి కాన్పు గుడ్లను తినేసే జంటలు ఉంటాయి, నిజమే. చాలామంది అక్కడే ఓపిక పోగొట్టుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ పెడతాయి, చాలా జంటలు నేర్చుకుంటాయి కూడా. ఈలోగా మనం చేయాల్సింది ట్యాంకులో చెయ్యి పెట్టకపోవడం, చిప్ప ఎత్తి చూడకపోవడం. పిల్లలు ఈదడం మొదలయ్యాక అప్పుడే గుడ్లలోంచి వచ్చిన ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల్ని వేయాలి. ఫిల్టర్ స్పాంజిది అయితే పిల్లల్ని లాగేయదు. నీళ్ల పీహెచ్ బాగా తగ్గితే మగపిల్లలు ఎక్కువ పుడతాయి, కాబట్టి దాన్ని అతిగా దించక్కర్లేదు.

తల్లి మళ్లీ ముస్తాబై చిప్పలోకి దూరడం మొదలుపెడితే పెద్ద పిల్లల్ని తరుముతుంది. వాటిని వేరే ట్యాంకుకు మార్చాల్సింది అప్పుడు.