కేంద్రం తప్పని గిరికీ

ఫిగర్ స్కేటింగ్ చూసేటప్పుడు మన కళ్లన్నీ గెంతుల మీదే ఉంటాయి. గాలిలో మూడు చుట్లు తిరిగారా, నాలుగా, దిగాక నిలబడ్డారా, పడ్డారా అన్నదే లెక్క. ఒకే చోట తిరిగే స్పిన్‌ను రెండు గెంతుల మధ్య దొరికిన విరామంగా చూసి వదిలేస్తాం. కానీ మంచు మీద మనిషి శరీరాన్ని ముందు నుంచీ వెనక నుంచీ పక్కల నుంచీ పూర్తిగా చూపించేది స్పిన్ ఒక్కటే. ఆ కళకు బ్రిటన్ ఇచ్చింది చాలా ఉంది.

క్యామెల్, లేబ్యాక్ స్పిన్లను తొలిసారి చేసిన ఘనత సిసిలియా కాలెడ్జ్‌దని చెబుతారు. 1932 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున దిగేనాటికి ఆమెకు పదకొండేళ్లే. స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ గెర్ష్‌విలర్ ఆమె గురువు. 1936లో ఒలింపిక్ రజతం, 1937లో లండన్‌లోనే ప్రపంచ టైటిల్ గెలిచింది. పతకాల సంగతి ఎలా ఉన్నా, ఆ రెండు భంగిమలూ ఈనాటికీ ప్రతి రింకులో పిల్లలు నేర్చుకుంటున్నారు.

క్యామెల్‌లో ఒక కాలి మీద నిలబడి, రెండో కాలిని వెనక్కి నడుము ఎత్తుకు చాపి, మొండేన్ని నేలకు సమాంతరంగా వాల్చి తిరగాలి. చేతులు ముడిస్తే వేగం పెరుగుతుంది, కాలు చాపితే తగ్గుతుంది. అందుకే క్యామెల్‌కు కావలసిన వేగమంతా ముందే, లోపలికి వంపు తిరుగుతూ వచ్చే ఆ ఒక్క అడుగులోనే కూడబెట్టుకోవాలి. లేబ్యాక్ ఇంకో పరీక్ష. వెన్ను విల్లులా వంచి, తల వెనక్కి వాల్చి తిరుగుతుంటే కళ్లకు కనిపించేది పైకప్పే. నిలకడకు చూపు సాయం ఉండదు. పాదం కింద బ్లేడు ఎక్కడ ఆనుతోందన్న స్పర్శే దిక్కు.

స్పిన్ మంచిదో కాదో తేలాలంటే స్కేటర్ వెళ్లిపోయాక మంచును చూడాలి. బరువు సరిగ్గా మునివేళ్ల వెనక, పాదం ముందుభాగం మీద నిలిచి ఉంటే చిన్న చిన్న వలయాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. బరువు తప్పితే అవే వలయాలు పక్కకు సాగుతూ గొలుసులా కనిపిస్తాయి.

ఇలాంటి గిరికీలు మన నాట్యంలోనూ ఉన్నాయి. నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణం ఏడు భ్రమరులను, అంటే గిరికీలను, చెప్పింది. వాటిలో ఒంటికాలి మీద తిరిగే ఏకపాద భ్రమరి ఒకటి. కూచిపూడి చూసిన కంటికి స్పిన్ కొత్తేమీ కాదు. అక్కడా ఇక్కడా గొప్పతనం చుట్ల సంఖ్యలో కాక, తిరుగుతున్నంతసేపూ భంగిమ చెదరకపోవడంలో ఉంది.

ఈ సంగతి బాగా తెలిసినవాడు బర్మింగ్‌హామ్‌లో పుట్టిన జాన్ కరీ. బాలే నేర్చుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు. స్కేటింగ్ ఆటే కదా అని దానికి పంపాడు. 1976లో ఇన్స్‌బ్రక్‌లో ఒలింపిక్ స్వర్ణం, అదే ఏడు యూరోపియన్, ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. తర్వాత సొంత బృందంతో 1984లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మంచు మీద నాట్యం ప్రదర్శించాడు. అతని స్పిన్‌లో చేయి ఎప్పుడు లేవాలో, తల ఎటు వాలాలో సంగీతమే నిర్ణయించేది.

2004లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కొత్త మార్కుల పద్ధతి తెచ్చింది. స్పిన్ ఎంత కష్టమైనదో చూసి నాలుగో స్థాయి వరకు లెక్కిస్తారు. దాంతో స్కేటర్లు ఒకే స్పిన్‌లో కాలు పట్టుకుని, ఒళ్లు మెలితిప్పి, బ్లేడు అంచు మార్చి, ఒక భంగిమ కుదురుకునేలోపే మరోదానికి పోతున్నారు. కష్టం నిజమే, దానికి మార్కులు రావలసిందే. ఒకే భంగిమలో ఎనిమిది చుట్లు నిలిస్తే దానికీ ఆ నిబంధనల్లో విలువ ఉంది. అయితే అందం కంటికి ఆనడానికి కొంత వ్యవధి కావాలి. ఏ వంపూ నిలవని చోట చూసేవాడికి శ్రమే కనిపిస్తుంది, రూపం కనిపించదు.

కాబట్టి పాత స్పిన్లను గతకాలపు జ్ఞాపకాలుగా కాక ఈ కళకు పునాదిగా నేర్పాలి. మెలికలు నేర్పేముందు ఒక సాదా లేబ్యాక్‌ను కేంద్రం తప్పకుండా, పాట చరణం ముగిసేదాకా నిలపడం పిల్లలకు అలవాటు చేయాలి. చూసేవాళ్లం కూడా చప్పట్లను గెంతులకే దాచిపెట్టకుండా, ఆ నిలకడకూ కొట్టాలి.